అండమాన్ జైల్లో ఏం చూడాలి?

ప్రశ్న: డిసెంబర్‌లో అండమాన్ వెళ్తున్నాం. సెల్యులార్ జైలుకు గంట చాలంటున్నారు, నిజమేనా? ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: గంటలో ఫొటోలవుతాయి, జైలు చూడటం అవదు. రెండున్నర గంటలు పెట్టుకోండి. పొద్దున తెరవగానే వెళ్లండి. మధ్యాహ్నం భోజన విరామం ఉంటుంది కాబట్టి ఆలస్యంగా టికెట్ కొంటే సగంలో బయటికి రావాలి. సోమవారం సాధారణంగా సెలవు.

చాలామంది లోపలికి రాగానే సావర్కర్ గదికి పరుగెడతారు. మీరు ముందు నడిమి బురుజు ఎక్కండి. బండిచక్రం ఆకుల్లా ఏడు మూడంతస్తుల బారులు అక్కడ కలిసేవి. ప్రతి బారు ముఖం పక్క బారు వీపుకు ఎదురుగా ఉంటుంది. దాదాపు 700 కొట్లు (ఒక్కొక్కరిని విడిగా బంధించే గదులు) ఉన్నా చువ్వల్లోంచి చూస్తే ఎదురుగా గోడే తప్ప ఇంకో ఖైదీ మొహం కనబడదు. జైలు పేరులోని ‘సెల్’ అందుకే.

కిందికి దిగి ఏదైనా కొట్టు గడియ దగ్గర ఆగండి. పొడవాటి ఇనుప కడ్డీ తలుపును దాటి పక్క గోడలోకి పోతుంది. తాళం ఆ గోడలో తొలిచిన గూట్లో పడుతుంది. లోపల నిలబడి చువ్వల్లోంచి చెయ్యి చాపి చూడండి, అందదు. వెనక గోడకున్న గాలికిటికీ మూడు మీటర్ల ఎత్తున ఉంటుంది. సమాచార పలకలు ఎన్ని చదివినా ఈ రెండూ చెప్పినంత చెప్పవు.

ఆ తర్వాత గానుగ షెడ్డు. ఎద్దు తిరగాల్సిన చోట మనిషిని తిప్పారు. రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయాలి, అంటే పదమూడున్నర కిలోలు. తగ్గితే శిక్ష. ఉరికంబం గది చివర్లో చూడండి.

ప్రశ్న: ఏడు బారుల్లో మూడే మిగిలాయట, ఎందుకు? మనవాళ్లెవరైనా అక్కడ ఉన్నారా?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: 1906లో పూర్తయిన కట్టడం 1941 భూకంపంలో దెబ్బతింది. 1942లో దిగిన జపాన్ సైన్యం కొంత కూల్చింది. స్వాతంత్ర్యం వచ్చాక మనమూ కూల్చాం. ఆ ఆవరణలోనే గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి కట్టారు. మాజీ రాజకీయ ఖైదీలు గట్టిగా అడ్డుపడబట్టే ఈ మూడైనా మిగిలాయి. 1979 ఫిబ్రవరి 11న జాతీయ స్మారకమైంది. మనవాళ్లలో కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ విప్లవకారుడు ప్రతివాది భయంకర వెంకటాచారిని (‘ప్రతివాది భయంకర’ ఇంటిపేరు) ఇక్కడే ఉంచారు.

ప్రశ్న: అమ్మకు మోకాళ్ల నొప్పులు. తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖ

జవాబు: నిరభ్యంతరంగా. బురుజు, పై అంతస్తులు వదిలేయండి. కింది కొట్లు, గానుగ షెడ్డు, ఫొటోల గ్యాలరీ చాలు. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో కూర్చుని చూసేదే. దానికి టికెట్ వేరు. హిందీ షోనో ఇంగ్లీషు షోనో అడిగి కొనండి. ఆరుబయట జరుగుతుంది, గొడుగు మరవకండి. డిసెంబర్‌లో అక్కడ ఐదింటికే పొద్దు గూకుతుంది.