ఎదురింటి బాల్కనీలో మా గొడుగు కనిపించింది, అడగాలా?

ప్రశ్న: మేము అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. కొన్నాళ్ళుగా గుమ్మం బయట పెట్టిన వస్తువులు పోతున్నాయి. బాబు చెప్పులు, ఒక పూలకుండీ, ఒక పార్సిల్, గొడుగు పోయాయి. మొన్న ఎదురింటికి వెళితే వాళ్ళ బాల్కనీలో మా గొడుగు లాంటిదే కనిపించింది. పిడికి మేము చుట్టిన నీలం టేపు కూడా ఉంది. ఆమె నాకు మంచి స్నేహితురాలు, మా ఇంటి రెండో తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో మాత్రం అందరూ మెట్లు ఊడ్చే ఆమెనే అనుమానిస్తున్నారు, మాన్పించేద్దామంటున్నారు. మావారు కెమెరా పెడదామంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: గొడుగు కంటే మెట్లు ఊడ్చే ఆమె గురించి రాసిన మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఆ నింద నిజం కాకపోవచ్చని తెలిసింది బహుశా మీ ఒక్కరికే. స్నేహం సంగతి రెండు రోజులు ఆగినా ఫరవాలేదు, ఆమె ఉద్యోగం అలా కాదు. ఈ రోజే గ్రూపులో రాయండి: "మా వస్తువుల విషయంలో ఆమెను అనుమానించడానికి నాకు ఏ కారణమూ కనిపించలేదు. ఆధారం లేకుండా ఎవరినీ పనిలోంచి తీసేయవద్దు." ఎదురింటి ప్రస్తావన అక్కడ అస్సలు వద్దు.

ఇక గొడుగు. టేపు ఉంది కాబట్టి అది మీదే కావచ్చు. అక్కడికి ఎలా చేరిందో మాత్రం మీకు తెలియదు. వానలో తీసుకెళ్ళి తిరిగివ్వడం మరచిపోయారేమో, మీరే ఇచ్చి మరచిపోయారేమో, పిల్లలు ఆడుకుంటూ పట్టుకెళ్ళారేమో. అనుమానం ఒకసారి మొదలైతే పోయిన ప్రతి వస్తువునూ ఒకే మనిషికి అంటగడతాం. మీ స్నేహితురాలు తలుపు గబుక్కున వేసుకున్నా సాక్ష్యంలాగే కనిపిస్తుంది. అందుకే కళ్ళతో చూసిన ఆ గొడుగు గురించే మాట్లాడండి, పార్సిల్ మాట ఎత్తకండి.

ఆమె ఒక్కరే ఉన్నప్పుడు మామూలుగా అడగండి: "మీ బాల్కనీలో ఉన్న గొడుగు మాదేనండీ, టేపు చూసి గుర్తుపట్టాను. ఒకసారి ఇస్తారా?" "మీరు తీశారని కాదు గానీ" అని మొదలుపెట్టవద్దు. ఆ మాటలో ఆమెకు దొంగతనమే వినిపిస్తుంది. కారణం చెబితే వినండి, కాదంటే వాదించకుండా వచ్చేయండి. మీరు గమనించారని ఆమెకు తెలుస్తుంది, చాలాసార్లు అంతటితోనే ఆగిపోతుంది. పిల్లలు తెచ్చారని తేలితే వాళ్ళ చేతనే వెనక్కి ఇప్పించమనండి, నలుగురి ముందు మాత్రం కాదు.

అవసరం లేని వస్తువులను కూడా తీయకుండా ఉండలేని క్లెప్టోమేనియా అనే మానసిక సమస్య ఒకటుంది. తీసేముందు భరించలేని ఉద్విగ్నత, తీశాక ఊరట, ఆ తర్వాత సిగ్గు కలుగుతాయి. అది అరుదు, చికిత్స కూడా ఉంది. ఆ పేరు మీరు ఎవరికీ తగిలించకండి. ఆమె తనంతట తానే "ఆపుకోలేకపోతున్నాను" అంటే మానసిక వైద్యుల దగ్గరకు తోడు వెళ్ళండి.

మీరు అడగలేదు గానీ, మాట్లాడాక కూడా మనసు కుదుటపడకపోతే తాళంచెవి తీసేసుకోండి. "ఇకనుంచి మా దగ్గరే ఉంచుకుంటాం" అంటే చాలు, సంజాయిషీ అక్కర్లేదు. లోపల భయపడుతూ పైకి నవ్వడం ఇద్దరికీ అన్యాయమే.

కెమెరా పెట్టుకోవచ్చు, ఆమెతో మాట్లాడిన తర్వాతే. ఎదురింటి తలుపు అందులో పడకూడదు, పెడుతున్నట్టు అసోసియేషన్‌కు ముందే చెప్పాలి. ఈలోగా పార్సిళ్ళు గుమ్మం దగ్గర వదలకుండా చేతికే ఇవ్వమనండి.