రింగు ముచ్చట్లు: 50 గెలుపులు పెద్దవా, 170 పెద్దవా?

ప్రశ్న: మా తమ్ముడికీ నాకూ ఇదే గొడవ. బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ 50 ఫైట్లలో ఒక్కటీ ఓడలేదు కాబట్టి వెల్టర్‌వెయిట్‌లో (147 పౌండ్ల తరగతిలో) అతన్ని మించినవాడు లేడంటాడు వాడు. నేను పాతకాలం ఛాంపియన్ షుగర్ రే రాబిన్సన్ పేరెత్తితే, "170 గెలిస్తే ఏం, 19 సార్లు ఓడాడుగా!" అని నవ్వుతాడు. మీరే తీర్పు చెప్పండి.

జవాబు: తీర్పు మీ వైపే. కానీ పేరు చెప్తే మీ తమ్ముడు వినడు, ఆ 19 ఓటములూ విప్పి చూపించాలి.

రాబిన్సన్ 1940లో ప్రొఫెషనల్ అయ్యాడు. 1951 జులైలో లండన్‌లో రాండీ టర్పిన్ ఓడించేదాకా, అంటే దాదాపు పదకొండేళ్లపాటు, అతను ఓడింది ఒకే ఒక్కసారి. 1943 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో జేక్ లమోటా చేతిలో. లమోటా మిడిల్‌వెయిట్ (160 పౌండ్ల తరగతి) మనిషి, ఆ రోజు రాబిన్సన్ కంటే పదిహేను పౌండ్లకు పైగా ఎక్కువ తూగాడు. సరిగ్గా మూడు వారాలకే అదే ఊళ్లో, అదే లమోటాను రాబిన్సన్ ఓడించాడు. మొత్తం ఆరుసార్లు తలపడి ఐదుసార్లు గెలిచాడు. వెల్టర్‌వెయిట్‌గా ఉన్నంతకాలం మరో వెల్టర్‌వెయిట్ చేతిలో అతను ఓడనే లేదు. ఇక 19లో 13 ఓటములు 1960 నుంచి వచ్చినవే. అప్పటికే వయసు 38 దాటింది, సంపాదించిందంతా ఖర్చయిపోయింది, డబ్బు కోసం 44 ఏళ్లొచ్చేదాకా గ్లవ్స్ విప్పలేదు. ఆ ఓటములు చూపించి మనిషిని కొలవడం అన్యాయం.

ఇంకో సంగతి. రాబిన్సన్‌కు వెల్టర్‌వెయిట్ టైటిల్ దొరికింది 1946 డిసెంబర్‌లో, న్యూయార్క్‌లో టామీ బెల్‌ను 15 రౌండ్లలో ఓడించాక. అప్పటికే 70కి పైగా ఫైట్లు ఆడేశాడు. మేవెదర్ జీవితంలో ఆడినవన్నీ కలిపినా అన్ని కావు! మేవెదర్ ప్రొఫెషనల్ అయిన రెండేళ్లకే, 1998లో, 130 పౌండ్ల ఛాంపియన్ బెల్ట్ నడుముకు కట్టుకున్నాడు. ఇందులో అతని తప్పేం లేదు. రాబిన్సన్ రోజుల్లో 147 పౌండ్లకు ఛాంపియన్ ఒక్కడే. ఇప్పుడు ఒక్కో బరువుకి నాలుగు సంస్థలు ఇచ్చే నాలుగేసి బెల్ట్‌లు.

తూకం పద్ధతీ మారింది. అప్పట్లో ఫైట్ రోజే తూకం. పొద్దున 147 తూగినవాడు రాత్రి ఇంచుమించు అదే బరువుతో రింగులోకి దిగేవాడు. ఇప్పుడు ముందురోజే తూకం అయిపోతుంది. ఒంట్లో నీళ్లు ఎండగట్టి 147 చూపించి, తెల్లారేసరికి తాగి, తిని పది పౌండ్లు వెనక్కి తెచ్చుకునేవాళ్లు బోలెడుమంది. కాబట్టి ఇప్పటి వెల్టర్‌వెయిట్ చాలాసార్లు పాతకాలం మిడిల్‌వెయిట్ అంత ఉంటాడు. "రాబిన్సన్‌ను ఇప్పుడు దింపితే?" అని అడిగేవాళ్లకు నా ఎదురు ప్రశ్న ఒకటే: ఏ తూకం రూలు మీద దింపుతారు?

మీ తమ్ముడు యూట్యూబ్‌లో రాబిన్సన్‌ను చూసి "అంత వేగం లేదే" అనొచ్చు. మనకు దొరికే ఫిల్ములు ఎక్కువగా అతను 160 పౌండ్లకు వెళ్లాక తీసినవి. 1957లో జీన్ ఫుల్మర్‌ను పడగొట్టిన ఆ ఎడమ హుక్ (చెయ్యి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ) చూడమనండి, వెనక్కి నడుస్తూ కొట్టాడు. అప్పటికి అతనికి 36 ఏళ్లు నిండబోతున్నాయి. కుర్రతనంలో ఎలా ఉండేవాడో ఊహించుకోవడమే.

ఇంకా వినకపోతే హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి చెప్పండి. 1938లో మూడు బరువుల టైటిళ్లు ఒకేసారి చేతిలో ఉంచుకున్నవాడు. 1939 అక్టోబర్ ఒక్క నెలలో వెల్టర్‌వెయిట్ టైటిల్‌ను ఐదుసార్లు కాపాడుకున్నాడు. ఇప్పటి ఛాంపియన్‌కు ఐదు డిఫెన్స్‌లంటే రెండు మూడేళ్ల పని.

ప్రశ్న: 1981లో షుగర్ రే లెనార్డ్, థామస్ హెర్న్స్ ఆడిన 15 రౌండ్ల ఫైట్ ఇప్పటిలా 12 రౌండ్లదైతే ఎవరు గెలిచేవారు?

జవాబు: హెర్న్స్. ఇందులో వాదనకు చోటు లేదు. 14వ రౌండ్ మొదలయ్యేసరికి కూడా ముగ్గురు జడ్జీల మార్కుల కార్డుల మీదా అతనే ముందున్నాడు, అదీ 13లో లెనార్డ్ చితక్కొట్టాక.

నాకు ఆ ఫైట్‌లో అన్నిటికంటే నచ్చేది ఇద్దరూ వేషాలు మార్చుకోవడం. థామస్ హెర్న్స్ అంటే కుడిచేతి దెబ్బ. పదకొండుసార్లు టైటిల్ కాపాడుకున్న పిపినో క్యూవాస్‌ను రెండో రౌండ్‌లోనే నేలకూల్చినవాడు. షుగర్ రే లెనార్డ్ అంటే కాళ్లు, వేగం. తీరా ఆ రోజు ఆరో రౌండ్‌లో లెనార్డ్ హుక్‌లు గట్టిగా తగిలాక హెర్న్స్ బాక్సరైపోయాడు. ఆరడుగుల ఒక అంగుళం మనిషి, 78 అంగుళాల రీచ్ (చాచిన రెండు చేతుల కొసల మధ్య దూరం). దూరంగా తిరుగుతూ జాబ్ మీద జాబ్ (చెయ్యి సూటిగా చాచి కొట్టే దెబ్బ) వేస్తుంటే లెనార్డ్ అతన్ని వేటాడాల్సి వచ్చింది. లెనార్డ్ ఎడమ కన్ను వాచిపోతోంది. 13కి ముందు కార్నర్‌లో అతని ట్రైనర్ ఏంజెలో డండీ "చేతులారా పోగొట్టుకుంటున్నావు బాబూ" అని కేకలేశాడు. తర్వాతి ఆరు నిమిషాల్లోపే అంతా తారుమారైంది, 14లో రిఫరీ ఫైట్ ఆపేసి లెనార్డ్ గెలిచాడన్నాడు.

1982లో దక్షిణ కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ టైటిల్ ఫైట్‌లో దెబ్బలు తిని చనిపోయాక 15 రౌండ్లు మెల్లగా 12కి తగ్గాయి. ప్రాణాల లెక్కలో అది సరైన నిర్ణయమే. ఆట మాత్రం మారింది. 1999లో ఆస్కార్ డి లా హోయా, ఫెలిక్స్ ట్రినిడాడ్ మీద గెలుస్తున్నాననుకుని చివరి రౌండ్లు దూరం జరుగుతూ గడిపేశాడు, తీరా జడ్జీలు ట్రినిడాడ్‌కు ఇచ్చారు. ముందు ఇంకో మూడు రౌండ్లున్నాయని తెలిస్తే ఎవడైనా తొమ్మిదో రౌండ్ నుంచే తప్పించుకు తిరుగుతాడా?

ప్రశ్న: మేవెదర్ ఆట బోరు కొడుతుంది సార్. అది బాక్సింగా, దాక్కోవడమా?

జవాబు: కామెంటరీ ఆపేసి అతని ఎడమ భుజం ఒక్కటే చూడండి. ఎడమ చెయ్యి నడుం దగ్గర, కుడి చెయ్యి చెంప పక్కన, గడ్డం భుజం వెనక. ఎదుటివాడి కుడి దెబ్బ భుజం మీద జారిపోతుంది, అదే క్షణంలో మేవెదర్ కుడి చెయ్యి వెళ్లి తగులుతుంది. దాక్కునేవాడు ఎదుటివాడి చేతికందేంత దగ్గర నిలబడడు.

2010లో షేన్ మోస్లీ రెండో రౌండ్‌లో కుడి చేత్తో కొడితే మేవెదర్ మోకాళ్లు వంగిపోయాయి. చాలామంది అక్కడినుంచి పారిపోయి ఉండేవాళ్లు. అతను పట్టుకుని, తేరుకుని, ముందుకు నడిచి మిగతా రౌండ్లన్నీ తీసుకున్నాడు. అయినా నచ్చకపోతే పెర్నెల్ విటేకర్‌ను చూడండి. ఎడమచేతివాటం, డిఫెన్స్‌లో మేవెదర్‌కు ఏమీ తీసిపోడు, సరదాలో రెండాకులు ఎక్కువే. 1993లో శాన్ ఆంటోనియోలో అప్పటిదాకా ఓటమి ఎరగని హూలియో సీజర్ ఛావెజ్‌ను అతను తికమకపెట్టిన తీరు చూసి, ఫలితం డ్రా అని చదివితే మీకూ నాలాగే ఒళ్లు మండుతుంది.

ప్రశ్న: మానీ పాకియావో పేరు ఈ వెల్టర్‌వెయిట్ మేటి బాక్సర్ల జాబితాలో ఉంటుందా?

జవాబు: ఉంటుంది, కానీ పై వరసలో కాదు. 2009లో మిగెల్ కాటోను చితక్కొట్టి 12వ రౌండ్‌లో రిఫరీ చేత ఫైట్ ఆపించడం, 40 ఏళ్ల వయసులో కీత్ థర్మన్‌ను ఓడించడం మామూలు విషయాలు కావు. అయితే అతని గొప్పదనం ఎనిమిది బరువుల్లో పరుచుకుని ఉంది, 147 అందులో ఒకటి. మేవెదర్‌తో ఫైట్ గురించి 2009 నుంచీ మాటలు నడిచి చివరికి 2015లో జరిగింది. అప్పటికి ఒకరికి 38, ఒకరికి 36. దాన్నిబట్టి ఇద్దరిలో ఎవర్నీ అంచనా కట్టొద్దు.

ప్రశ్న: టెరెన్స్ క్రాఫర్డ్, 1981 నాటి లెనార్డ్ తలపడితే?

జవాబు: 2023 జులైలో ఎరోల్ స్పెన్స్‌ను క్రాఫర్డ్ మూడుసార్లు పడగొట్టి తొమ్మిదో రౌండ్‌లో ముగించాడు. నాలుగు బెల్ట్‌లూ ఒక్కడి దగ్గరే చేరడం వెల్టర్‌వెయిట్‌లో అదే మొదటిసారి. కుడి నిలబాటు, ఎడమ నిలబాటు రెండూ సమానంగా వచ్చినవాడు. మొదట్లో తొందరపడడు, ఎదుటివాడిని చదువుకుని ఆ తర్వాతే కొడతాడు. లెనార్డ్‌కు ఇలాంటివాడు తగిలి ఉంటే బాగా ఇబ్బంది పడేవాడు. కానీ లెనార్డ్ విల్‌ఫ్రెడ్ బెనిటెజ్‌ను ఆపించింది 15వ రౌండ్ చివర, ఇంకో ఆరు సెకన్లుందనగా. 12 రౌండ్లంటే కార్డుల మీద కొద్దిలో క్రాఫర్డ్ అంటాను, 15 అంటే లెనార్డ్.