తల్లి నుంచి వేరుచేసిన పందిపిల్లలు పారుకుంటుంటే ముందు పేగు సంగతి చూడండి, మందు సంగతి తర్వాత

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. రాజోలు వైపు కొత్తగా షెడ్డు వేశారు. రెండు సీమపందులు ఈనితే 19 పిల్లలు దక్కాయి. 30వ రోజున తల్లుల నుంచి వేరుచేసి, రెండు ఈతల పిల్లల్నీ కలిపి పక్క షెడ్డులోకి మార్చారు. మూడో రోజు నుంచి పసుపుపచ్చ నీళ్ల విరేచనాలు, ఇప్పటికి రెండు చనిపోయాయి. దాణా కొట్టు ఆయన ప్రోటీన్ ఎక్కువున్న మేత పెట్టమన్నాడు, ఇంకొకాయన యాంటీబయాటిక్ కలిపెయ్యమన్నాడు, ఎవరి మాట వినాలి అని అడిగారు.

ఈ రెండు మూడు రోజులు ఇద్దరి మాటా పక్కన పెట్టండి. ఇప్పుడున్న గట్టి దాణా తొట్టిలోంచి తీసెయ్యండి. మెడికల్ షాపులో దొరికే మామూలు ఓఆర్ఎస్ పాకెట్లు తెచ్చి, పాకెట్‌కి సరిగ్గా లీటరు మంచినీళ్ల చొప్పున కలిపి, పిల్లల మూతికి అందేలా వెడల్పు పళ్లెంలో పెట్టండి. పక్కనే ఇంకో పళ్లెంలో మామూలు నీళ్లు ఉండాలి. నూకలు మెత్తగా జావలా ఉడికించి, చల్లారాక మరీ పులుపెక్కని మజ్జిగ కలిపి, పిల్లకొక గరిటె చొప్పున మూడు నాలుగు గంటలకోసారి పొయ్యండి. గంటలో తాగనిది పారబోయండి, మన ఎండలకు మధ్యాహ్నానికే పులిసి కొత్త రోగం తెస్తుంది. పిల్లల్ని పూర్తిగా పస్తు పెట్టొద్దు. నేలమీద ఎండుగడ్డి మందంగా పరవండి.

మాది ఆచంట దగ్గర పల్లెటూరు. తొమ్మిదేళ్లుగా నేనూ మా ఆయనా పందులు పెంచుతున్నాం. మొదటి ఈతలోనే మీకు జరిగింది మాకూ జరిగింది, 11 పిల్లల్లో 4 పోయాయి.

ఆ మొదటి రాత్రి నాకింకా గుర్తుంది. తొట్టి నిండా దాణా పోసి పడుకున్నాం. తెల్లారి చూస్తే పోసింది పోసినట్టే ఉంది. పిల్లలన్నీ గోడ మూలన ఒకదాని మీద ఒకటి ఎక్కి ముడుచుకుని పడుకున్నాయి. రాత్రంతా తల్లి కోసం అరిచి గొంతులు బొంగురుపోయాయి. రెండో రోజు సాయంత్రానికి ఆకలి ఆగక తొట్టి మీద పడి, రవ్వ కూడా మిగల్చకుండా తిన్నాయి. హమ్మయ్య, తినడం మొదలుపెట్టాయి అనుకున్నాం. మూడో రోజు పొద్దున తోకల కింద తడి. నాలుగో రోజు బాగా బొద్దుగా ఉన్న పిల్లే ముందు పోయింది.

డాక్టరుగారు ఆ పిల్లను కోసి చూపించారు. పొట్టలో మేం వేసిన మొక్కజొన్న రవ్వ, సోయా చెక్క వేసినవి వేసినట్టే ముద్దకట్టి ఉన్నాయి. చిన్నపేగు మాత్రం నీళ్లు నింపిన పల్చని ప్లాస్టిక్ సంచిలా ఉబ్బి ఉంది. "పొట్ట నిండా మేత ఉంది, కానీ పిల్ల ఆకలితోనే చచ్చిపోయిందమ్మా" అన్నారాయన. ఆ మాట విన్నాక మేం పెంచే పద్ధతే మారిపోయింది.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. తల్లి దగ్గర పిల్ల దాదాపు గంటకోసారి, అంటే రోజుకు 20 సార్లకు పైగా పాలు తాగుతుంది. తల్లి గుర్రుగుర్రుమని పిలిస్తే అన్నీ ఒకేసారి వచ్చి రొమ్ము పట్టుకుంటాయి. ఆ పిలుపు ఒక్కసారిగా ఆగిపోతే ఎప్పుడు తినాలో పిల్లకి తెలియదు. పేగు లోపలి పొర టర్కీ తువ్వాలులా సన్నని పోగులతో ఉంటుంది, మేతలోని సారం పీల్చేది ఆ పోగులే. వాటికి బలం పేగులోంచి పోయే మేత నుంచే వస్తుంది. రెండు మూడు రోజులు పేగు ఖాళీగా ఉంటే పోగులు కుంచించుకుపోతాయి, తువ్వాలు కాస్తా నున్నటి గుడ్డ అయిపోతుంది. అలాంటి పేగులోకి ఒక్కసారిగా గట్టి దాణా వస్తే అరిగేది తక్కువ, కుళ్లేది ఎక్కువ.

ఇంకో సంగతి. పాలలోని లాక్టోజ్ పొట్టలో పులిసి లాక్టిక్ ఆమ్లం అవుతుంది, చెడ్డ క్రిముల్ని అదుపులో పెట్టేది ఆ పులుపే. చిన్నపిల్ల పొట్టలో సొంతంగా ఊరే ఆమ్లం చాలా తక్కువ. పాలు ఆగగానే పులుపు తగ్గి, ఎప్పుడూ షెడ్డులో ఉండే ఈ.కోలి క్రిమికి చోటు దొరుకుతుంది. అందుకే జావలో మజ్జిగ పొయ్యమన్నాను. మినరల్ మిక్చర్ గుప్పెళ్లతో వెయ్యొద్దనేదీ ఇందుకే. అందులోని సున్నం ఉన్న కాస్త ఆమ్లాన్నీ విరిచేస్తుంది.

ఇక ప్రోటీన్ మాట. అరగని ప్రోటీన్ పెద్దపేగులోకి వెళ్లి కుళ్లుతుంది, అది ఈ.కోలికి విందు భోజనం. పారుకుంటున్న పిల్లకి ప్రోటీన్ పెంచితే విరేచనం ఇంకా పెరుగుతుంది. విడదీసిన మొదటి రెండు వారాలు 18, 19 శాతం దాటకుండా, సులువుగా అరిగే మేత ఇవ్వాలి. మేం 10 కిలోలకు కలిపే లెక్క ఇది: సన్నగా ఆడించిన మొక్కజొన్న నాలుగున్నర కిలోలు, ఉడికించి ఆరబెట్టి ఆడించిన నూకలు రెండున్నర, సోయా చెక్క ఒకటిన్నర, ఉప్పు వెయ్యకుండా ఎండబెట్టిన చేపల పొడి ముప్పావు కిలో, వెన్న తీసిన పాలపొడి అరకిలో, మినరల్ మిక్చర్ 150 గ్రాములు, మిగిలింది బెల్లం. లైసిన్ (ప్రోటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో ఒకటి) పొడి దొరికితే 30 గ్రాములు వేస్తాం. పాలపొడి ఖరీదేగానీ, రెండు వారాలకు ఒక పిల్లకి పట్టేది పావు కిలో కూడా ఉండదు, అక్కడ మాత్రం వెనకాడకండి. చేప విషయంలో జాగ్రత్త. నరసాపురం, అంతర్వేది వైపు నుంచి వచ్చే ఎండు చేపల్లో ఉప్పు పట్టించినవే ఎక్కువ. నోట్లో వేసుకుని చూసి, ఉప్పగా ఉంటే పిల్లల దాణాలో వెయ్యకండి. సోయా గింజలు పచ్చివి అసలు వద్దు, ప్రోటీన్‌ని అరగనివ్వని గుణం వాటిలో ఉంటుంది, వేడి తగిలితేనే పోతుంది.

తవుడు మన దగ్గర చవక కాబట్టి అందరి చెయ్యీ అటే పోతుంది. పిల్లలకు మొదటి రెండు వారాలు వద్దు. పచ్చి మిల్లు తవుడులో నూనె కొద్దిరోజుల్లోనే మక్కిపోతుంది. తర్వాత మొదలుపెట్టేటప్పుడు కూడా బాయిల్డ్ రైస్ మిల్లు తవుడు తెచ్చుకోండి, ధాన్యం ఆవిరి మీద ఉడకడం వల్ల అది అంత త్వరగా చెడదు. కొబ్బరి చెక్క పెద్దవాటికి. వేరుశనగ చెక్క వానాకాలంలో బూజు పడితే ఎవరికీ పెట్టొద్దు.

మీరు నీళ్ల గురించి ఒక్క ముక్కా రాయలేదు, నాకు దిగులుగా ఉన్నది అక్కడే. రొమ్ము తప్ప వేరే ఎరగని పిల్లకి నీళ్లు ఎక్కడున్నాయో కూడా తెలియదు. నిపుల్ (మూతితో నొక్కితే నీళ్లొచ్చే చిన్న కుళాయి) పెట్టి ఉంటే మొదటి రెండు రోజులు చుక్కచుక్కగా కారేలా వదలండి, ఆ చప్పుడుకి వచ్చి మూతి పెడతాయి. అంతకంటే ముఖ్యం, ఆ నీళ్లు ఎక్కడివి? మూడేళ్ల క్రితం దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలకు నీళ్లు ఆపేశారు. మా చెరువు అడుగంటితే బోరు నీళ్లు పెట్టాం. మా చుట్టూ రొయ్యల చెరువులే, బోరు ఉప్పు తిరిగిందని తెలిసినా పందులకేం అవుతుందిలే అనుకున్నాం. తల్లులకేమీ కాలేదుగానీ, కొత్తగా విడదీసిన పిల్లలు వారం రోజులు పల్చగా పారుకున్నాయి. దాణా మార్చినా తగ్గలేదు, మంచినీళ్లు తెచ్చి పోస్తే రెండు రోజుల్లో గట్టిపడింది. ఉప్పు నీళ్లు, ఉప్పు దాణా రెండూ కలిస్తే విరేచనం దాటి మెదడుకే ముప్పు.

విడదీసే పద్ధతి వచ్చే ఈతకైనా మార్చండి. పెద్ద ఫారాలు 21 నుంచి 28 రోజులకే వేరుచేస్తాయంటే, వాళ్లకి పాలపొడితో చేసిన మేత, వేడి చేసిన గదులు ఉంటాయి. మనలాంటి షెడ్లలో 42 నుంచి 45 రోజులు ఆగడం మంచిది, పిల్ల కనీసం ఏడెనిమిది కిలోలు ఉండాలి. పదో రోజు నుంచే ఒక మూల తల్లి దూరకుండా కర్రలు అడ్డం కట్టి, లోపల చిన్న పళ్లెంలో రెండు చెంచాల దాణా పెట్టండి. మొదట్లో తొక్కి పారేస్తాయి, అయినా రోజూ కొత్తది పెట్టండి. మా అత్తగారు మొదటి ఈతప్పుడే అన్నారు, "అన్నప్రాశన నాడే కడుపు నిండా పప్పన్నం పెడతామా" అని. అప్పుడు వినలేదు. విడదీసే రోజు తల్లిని బయటికి తీసుకెళ్లండి, పిల్లల్ని ఉన్నచోటే ఉంచండి. రెండు ఈతల పిల్లల్ని కలిపితే కొట్లాటలోనే రెండు రోజులు తినవు. పాత దాణానే జావగా కలిపి, మొదటి రోజు పిల్లకి 100 గ్రాములకు మించకుండా ఐదారు పూటలుగా పెట్టండి. వారం తిరిగేసరికి రోజుకు 250, 300 గ్రాములకు వస్తాయి. తొట్టి నింపి పోవడం ఒద్దు.

ముసురు రోజుల్లో విడదీయకండి. పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకుంటే చలేస్తున్నట్టు, పక్కపక్కన పడుకుంటే సరిపోయినట్టు, దూరదూరంగా చెదిరి పడుకుంటే ఉక్క పోస్తున్నట్టు.

యాంటీబయాటిక్ అసలు వద్దనను. డాక్టరు చూసి ఇస్తే వాడండి. కానీ షాపులో ఇచ్చిన పొడి దాణాలో కలిపెయ్యడం మాత్రం ఒప్పుకోను. ఒకప్పుడు మా చుట్టుపక్కల పిల్లల విరేచనాలకు కొలిస్టిన్ పొడి విచ్చలవిడిగా వాడేవారు. మనుషులకు వేరే ఏ మందూ పనిచెయ్యనప్పుడు ఆఖరుగా వాడేది అది, అందుకే 2019లో కేంద్రం పశువులకు, కోళ్లకు, ఆక్వాకు దాన్ని నిషేధించింది. ఎవరైనా పాత డబ్బా ఇస్తే తీసుకోకండి. జింక్ ఆక్సైడ్ ఎక్కువ మోతాదులో వేస్తే విరేచనం కట్టే మాట నిజమే. కానీ ఆ జింక్ అంతా పెంటలో దిగి నేలలో చేరుతోందని యూరప్‌లో 2022 జూన్ నుంచి ఆపేశారు. మా పెంట కొబ్బరి చెట్లకే పోతుంది, అందుకే మేం వాడం.

పెళ్లిళ్ల మిగుళ్లు, హోటల్ ఎంగిలి పిల్లలకు అసలు పెట్టొద్దు. నూనె ఎక్కువ, పైగా అందులో పంది మాంసం ముక్క పడితే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ లోపలికి వచ్చినట్టే. దానికి మన దగ్గర టీకా లేదు, మందూ లేదు.

కింద చెప్పిన వాటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం ఆపి వెంటనే 1962కి ఫోన్ చెయ్యండి, పశువుల అంబులెన్స్ వస్తుంది: విరేచనంలో రక్తం, కనురెప్పలు వాచి తాగినట్టు తూలడం, చెవులూ పొట్టా కందిపోవడం, తల్లులు కూడా మేత మానెయ్యడం, చర్మం చిటికెతో లాగి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం. ఇంకో పిల్ల చనిపోతే పాతిపెట్టే ముందు డాక్టరుకి చూపించండి. మా కళ్లు తెరిపించింది ఆ ఒక్క కోతే.

ఈ రాత్రికి మీ నీళ్లు నాలుక మీద వేసుకుని చూసి, ఉప్పగా తగిలాయో లేదో రాయండి. మిగిలిన 17లో ఎన్ని జావ తాగుతున్నాయో కూడా చెప్పండి. రేపు పొద్దున పాలు పితికాక చూస్తాను.