తుఫాను లేని రోజు గురించి రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భూ అయస్కాంతావరణంలోని స్పందనల గురించి, అంటే భూమి అయస్కాంత క్షేత్రంలో లయగా వచ్చే చిన్న అలల గురించి మొదలుపెట్టి, ముప్పాతిక భాగం సౌర తుఫానులకే ఇచ్చేశావు. తుఫాను గురించి రాయడం తేలిక. భయమే పాఠకుణ్ణి లాక్కుపోతుంది. ప్రశాంతమైన రోజు గురించి రాసేటప్పుడే కలానికి అసలు పని.

భూ అయస్కాంత అలజడిని సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెల్లో చెప్పే కేపీ సూచిక సున్నా, ఒకటి దగ్గర ఉన్న రోజున కూడా, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటర్ గీత కుదురుగా ఉండదు. పగటిపూట నమోదును సాగదీసి చూడు. పదుల సెకన్లకొకసారి లేచి పడే సన్నని అలలు కనిపిస్తాయి. వాటి ఎత్తు చాలాసార్లు ఒక నానోటెస్లా (అయస్కాంత క్షేత్రానికి కొలమానం) కూడా ఉండదు. భూమి క్షేత్రమేమో చోటును బట్టి 25,000 నుంచి 65,000 నానోటెస్లాలు. ఈ అంకెలను పక్కపక్కన పెడితే, నువ్వు వాడిన ‘అత్యంత సూక్ష్మమైన’ అనే విశేషణం అక్కర్లేదు.

ఈ అలలకు కారణాన్ని ‘సౌర పవన ప్రభావం వల్ల’ అని, సూర్యుడి నుంచి ఎడతెగక వీచే విద్యుదావేశ కణాల ప్రవాహం మీదికి నెట్టి, ఒక్క ముక్కలో దాటేశావు. కథంతా అక్కడే ఉందమ్మా! భూమికి ముందు, సౌర పవనం ఒక్కసారిగా నెమ్మదించే చోట ఉండే ఆఘాత తరంగాన్ని తాకిన అయాన్లలో (విద్యుదావేశమున్న కణాల్లో) కొన్ని వెనుదిరిగి, ఎదురొచ్చే పవనంలో అలలు రేపుతాయి. పవనం ఆ అలలను మళ్ళీ భూమివైపే మోసుకొస్తుంది. పవనంలోని అయస్కాంత క్షేత్రం సూర్యుణ్ణీ భూమినీ కలిపే గీతకు దగ్గరగా వాలినప్పుడు ఇది బాగా సాగుతుంది. ఆ క్షేత్రపు నానోటెస్లాలను ఆరుతో హెచ్చవేస్తే అలల పౌనఃపున్యం సుమారుగా మిల్లీహెర్ట్జ్‌లలో వస్తుంది. మామూలుగా ఉండే 5 తీసుకుంటే 30; అంటే ఒక్కో అలకు 33 సెకన్లు. స్పందనలను వ్యవధిని బట్టి విడగొట్టిన తరగతుల్లో పీసీ3 పరిధి 10–45 సెకన్లే కదా! నేలమీద అలల వ్యవధి కొలిచి, అంతరిక్షంలోని క్షేత్రాన్ని అంచనా కట్టవచ్చు. ఈ లెక్కను పాఠకుడి చేతే చేయించు.

భూమి అయస్కాంత బలరేఖలకు వీణ తీగతో పోలిక బాగుంది, ఉంచు. రెండు కొసలూ అయనావరణంలో, అంటే వాతావరణం పైభాగంలోని అయాన్ల పొరలో, బిగిసి ఉంటాయని రాశావు. పొడవుతో పాటు, ఆ రేఖ వెంట ఉన్న ప్లాస్మా (విద్యుదావేశ కణాల వాయువు) బరువు కూడా స్వరాన్ని మారుస్తుందని చేర్చు. 1942లో స్వీడన్ భౌతిక శాస్త్రవేత్త ఆల్ఫ్వేన్ ఇలాంటి తరంగాలను ఊహించిన సంగతికి ఒక వాక్యం చాలు.

మహా స్పందనలను ఎందుకు వదిలేశావు? ధ్రువకాంతి మండలంలో, ఎక్కువగా తెల్లవారుజామున, వంద సెకన్లకు అటూఇటూ వ్యవధితో, దాదాపు శుద్ధమైన సైన్ తరంగాలుగా నమోదవుతాయవి. చాలావరకు ప్రశాంత వేళల్లోనే వస్తాయి. తుఫాను పేరాలు రెండు తీసేసి వాటికి చోటివ్వు. కొత్త ప్రతి పంపు, చదువుతాను.