లాప్‌టాప్‌లో అంత చోటుంటే పెద్ద యాంటెన్నా ఎందుకు పెట్టరు?

ఒకే గదిలో ఫోన్‌కి వైఫై బాగా అందుతుంది, లాప్‌టాప్‌కి మాత్రం తెగిపోతూ ఉంటుంది, అంత పెద్ద వస్తువులో పెద్ద యాంటెన్నా పెట్టొచ్చు కదా అని అడిగారు. లాప్‌టాప్‌లకి యాంటెన్నాలు డిజైన్ చేసే పనే నేను కొన్నేళ్లు చేశాను. లాప్‌టాప్ పెద్దదే కానీ యాంటెన్నాకి దొరికేది స్క్రీన్‌కీ మూత అంచుకీ మధ్య మిగిలే సన్నటి పట్టీ. కెమెరా, మైకులు, వాటి తీగలు కూడా అందులోనే సర్దుకోవాలి. ఆ పట్టీని కూడా మోడల్ మోడల్‌కీ తగ్గించుకుంటూ పోతున్నారు.

అసలు పేచీ పొడవుతో కాదు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12 సెంటీమీటర్ల పైచిలుకు. అందులో నాలుగో వంతు, అంటే 3 సెంటీమీటర్ల రేకు చాలు. దాన్ని వంచి పెట్టే పద్ధతినే ఇన్వర్టెడ్ ఎఫ్ అంటారు. కావలసిందల్లా దాని చుట్టూ ఖాళీ. లోహం దగ్గరికొచ్చే కొద్దీ బ్యాండ్‌విడ్త్, అంటే యాంటెన్నా బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీల వెడల్పు, తగ్గిపోతుంది. ఆ రేకుని 1 మిల్లీమీటర్ కత్తిరిస్తే ట్యూనింగ్ సుమారు 80 మెగాహెర్ట్జ్ పక్కకి జరిగిపోతుంది. 2.4 వైఫై బ్యాండ్ మొత్తం వెడల్పే 83.5 మెగాహెర్ట్జ్! అందుకే యాంటెన్నా మనిషిని మూత గీసే రోజే పిలవాలంటాను. పిలవరు. మూత ఖరారయ్యాక, రంగు కూడా ఖరారయ్యాక పిలుస్తారు.

ఆ రంగుతోనే నేను పడ్డ అవస్థ చెబుతాను. మేం చేసిన ఒక మోడల్‌కి లోహపు మూత, యాంటెన్నాల దగ్గర మాత్రం ప్లాస్టిక్ ముక్క. మొదటి శాంపిళ్లు బ్రహ్మాండంగా పనిచేశాయి. తర్వాతి లాట్‌లో రేంజ్ సగానికి పడిపోయింది. యాంటెన్నాకి పంపిన పవర్‌లో ఎంత వెనక్కి తిరిగొస్తోందో గీసి చూపే నెట్‌వర్క్ అనలైజర్‌కి తగిలిస్తే గ్రాఫ్ ముందుకంటే అందంగా ఉంది, తక్కువ తిరిగొచ్చే చోట కనిపించే లోయ ఇంకా వెడల్పుగా ఉంది. యాంటెన్నా బాగుంది, తప్పు సాఫ్ట్‌వేర్‌దే అని మీటింగ్‌లో తేల్చేశారు. నాకు ఆ వెడల్పే అనుమానం తెచ్చింది. అంత ఇరుకులో అంత బ్యాండ్‌విడ్త్ ఊరికే రాదు, పవర్ ఎక్కడో వేడిగా మారిపోతుంటే తప్ప. రెండు మూతలు పక్కపక్కన పెట్టి వెలుతురులో చూశాను. కొత్తదాని ప్లాస్టిక్ మీద వెండి మెరుపు కొంచెం ఎక్కువగా ఉంది. బ్లేడు తీసుకుని యాంటెన్నా మీద మేర రంగు గీకేశాను. గోరు కింద బూడిద రంగు పొడి, అందులో లోహపు రజను తళుక్కుమంది. ఆ మూతని ఛాంబర్‌లో, అంటే యాంటెన్నా నుంచి బయటికెళ్లే సిగ్నల్‌ని కొలిచే గదిలో, పెట్టి కొలిస్తే పాత లెక్క తిరిగొచ్చింది. లోహపు మూతతో రంగు కలవాలని సప్లయర్ పెయింట్ మార్చాడు, మాకెవరికీ చెప్పలేదు.

అందుకే వెనక్కి తిరిగొచ్చే పవర్ చూపే ఆ గ్రాఫ్ (రిటర్న్ లాస్) ఒక్కటే చూసి యాంటెన్నా బాగుందనేవాళ్ల మాట నేను నమ్మను. యాంటెన్నా బదులు పవర్‌ని వేడిగా మార్చేసే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ తగిలించినా గ్రాఫ్ బ్రహ్మాండంగానే వస్తుంది, ఒక్క ముక్క సిగ్నల్ బయటికి పోదు. కొలవాల్సింది ఎఫిషియెన్సీ, అంటే ఇచ్చిన పవర్‌లో ఎంత సిగ్నల్‌గా బయటికి పోతోందన్నది. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో యాగీ, హార్న్ లాంటి యాంటెన్నాల ఫార్ములాలు బట్టీ పట్టిస్తారు కానీ, ఈ ముక్క ఎవరూ గట్టిగా చెప్పరు.

పెద్ద కంపెనీలూ దీనికి అతీతం కాదు. యాపిల్ 1999లో ప్లాస్టిక్ ఐబుక్ మూతలోనే యాంటెన్నాలు పెట్టి మంచి రేంజ్ ఇచ్చింది. 2001లో అదే కంపెనీ టైటానియం పవర్‌బుక్ తెస్తే వైఫై రేంజ్ తక్కువని జనం మొత్తుకున్నారు. తర్వాత అల్యూమినియం మాక్‌బుక్‌లలో హింజ్ దగ్గర నల్లటి ప్లాస్టిక్ పట్టీ వచ్చింది. యాంటెన్నాలు ఉండేది దాని వెనకే.

ఇక మీ లాప్‌టాప్ సంగతి. స్క్రీన్ గానీ హింజ్ గానీ ఎప్పుడైనా మార్పించారా? యాంటెన్నా కేబుళ్లు మూత నుంచి హింజ్ గుండానే వైఫై కార్డుకి వస్తాయి, మందం మిల్లీమీటరు పైచిలుకే. రిపేర్ షాపుల్లో వాటిని నలిపేసి బిగించడం, రెండో కనెక్టర్ తగిలించకుండా వదిలేయడం నేను చాలాసార్లు చూశాను. లాప్‌టాప్ అడుగు మూత విప్పించి వైఫై కార్డు మీద రెండు కనెక్టర్లూ గట్టిగా కూర్చున్నాయో లేదో చూపించుకోండి. పక్కన యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ పెట్టుకునే అలవాటుంటే దూరం జరపండి. దాని నాయిస్ సరిగ్గా 2.4 బ్యాండ్‌లో పడుతుందని ఇంటెల్ 2012లోనే పేపర్ రాసింది. లేదంటే రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌కి మారండి.