ముంగిలి, చూరు, ప్రక్షేపం

సందేహం: విజయనగరంలో గంటస్తంభం దగ్గర మాకు బట్టల కొట్టు ఉంది. ఈమధ్య మా వీధి కొట్లవాళ్లందరికీ ఒక నోటీసు ఇచ్చారు. ‘‘దుకాణముల ముందు గల అనధికార ప్రక్షేపములు, వ్రేలాడు నిర్మాణములు, సూచీ ఫలకములు స్వచ్ఛందముగా తొలగించుకొనవలెను’’ అని అందులో ఉంది. ప్రక్షేపం అంటే ఏమిటి? మా సన్‌షేడ్ అందులోకి వస్తుందా? దీనికి మన మాట లేదా? మా నాన్నగారేమో ‘కొట్టు ముంగిలి కొట్టుదే, అడగడానికి వాళ్లెవరు’ అంటున్నారు. భాష ప్రకారం ఆయన మాట నిలుస్తుందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: ముందు మీ నాన్నగారి మాట తీసుకుంటాను. నోటీసులో ఉన్న మూడు సమాసాల కంటే ఆయన వాడిన ఒక్క మాటలో ఎక్కువ సంగతి ఉంది.

ముంగిలి అంటే ‘ముందున్న ఇల్లు’ అని కొందరు అర్థం చెబుతుంటారు. అది తప్పు. ఇంటి ముందుభాగం ముంగిలి. మును, ఇల్లు అనే మాటలు ఆ వరసలో కలిసినా అర్థం మాత్రం వెనక మాట నుంచి మొదలుపెట్టి చెప్పుకోవాలి. మీగాలు అంటే మీదున్న కాలు కాదు, కాలి మీదిభాగం. మునివేళ్లంటే వేళ్ల కొసలు. ముంజేయి కూడా అంతే. బడిలో ప్రథమా తత్పురుష అని చదువుకున్నదే ఇది. తమిళంలో మన ముంగిలికి తోబుట్టువు ‘మున్ఱిల్’. అక్కడి వ్యాకరణాలు దాన్ని ‘ఇల్ మున్’ తిరగబడి ఏర్పడిన మాటగా చూపిస్తాయి. ఇల్ అంటే ఇల్లు, మున్ అంటే ముందు. ఆ రెండూ తారుమారై ఒక మాటగా అతుక్కున్నాయి.

వాకిలిదీ ఇదే కథ. పాత తెలుగులో వాయి అంటే నోరు. కావ్యాల్లో పెదవిని వాతెఱ అన్నది అందుకే. ఇంటికి నోరు వాకిలి. తమిళులు దాన్ని వాయిల్ అంటారు, కన్నడిగులు బాగిలు అంటారు. ఇక లోగిలిలో లోను ఉంది, ఇల్లూ ఉంది. ముంగిలి, వాకిలి, లోగిలి అని మూడు మాటలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంటి ముందు, ఇంటి నోరు, ఇంటి లోపల అని ఇల్లంతా మన ముందు నిలబడుతుంది. ఇంత చక్కటి మాటల కుటుంబాన్ని పక్కన పెట్టి ఇప్పుడు అపార్ట్‌మెంట్ ప్రకటనల్లో ‘ఫ్రంట్ స్పేస్’, ‘ఎంట్రెన్స్’ అని రాస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

ఇల్లు ఇంట అయినట్టే ముంగిలి ముంగిట అవుతుంది, వాకిలి వాకిట అవుతుంది. ఆ టకారాన్ని చూపించి ‘ఇదిగో, లోపల ఇల్లుంది’ అనే వాళ్లున్నారు. ఆ సాక్ష్యం ఒక్కటే చాలదు. కౌగిలి కూడా కౌగిట అవుతుంది, అందులో ఇల్లేమీ లేదు. పక్క భాషల్లోని రూపాలు కూడా కలిసి వచ్చాయి కాబట్టే ముంగిలి విషయంలో గట్టిగా చెప్పగలుగుతున్నాం.

అన్నమయ్య చిన్నికృష్ణుణ్ని యశోద ముంగిటి ముత్యం అన్నాడు. ఒడిలో ముత్యం అనలేదు, ఇంట్లో ముత్యం అని కూడా అనలేదు. పిల్లవాడు ఆ తల్లి బిడ్డే, కానీ ఆడుకునేది ముంగిట్లో. దారిన పోయే గొల్లభామలందరికీ వాడు కనిపిస్తాడు, పలకరిస్తే పలుకుతాడు, చెయ్యి చాస్తే అందుతాడు. యశోద హక్కు ఎక్కడికీ పోలేదు, ఊరి ముచ్చటకూ అడ్డు లేదు. ముంగిలికి ఇంతకంటే మంచి నిర్వచనం ఏ నిఘంటువులోనూ దొరకదని నా నమ్మకం. సొంతదే అయినా నలుగురికీ తెరిచి ఉండే చోటు అది.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో దీని పక్కనే ఇంకో మాట ఉంది, వీధరుగు. ముంగిలిలో ఇల్లు వినిపిస్తే వీధరుగులో వీధి వినిపిస్తుంది. అంతమాత్రాన అరుగు వీధిదైపోదు. ఇంటికి వీధివైపున్న అరుగు కాబట్టి ఆ పేరు. సంతకు వెళ్లేవాళ్లు మూటలు దించి దాని మీద కాసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. కాబట్టి మాటలోని అవయవాలను చూపించి హక్కులు తేల్చబోతే రెండు వైపులా వాదన దొరుకుతుంది. ముంగిలి కొట్టుదేనన్న మీ నాన్నగారి మాట భాష ప్రకారం నిలుస్తుంది. అయితే ఆ ముంగిలి ఎన్ని అడుగులో వ్యుత్పత్తిలో దొరకదు, దస్తావేజులోనూ మంజూరైన ప్లానులోనూ చూసుకోవాలి. ఆ గీత దాటితే అది వీధే. దాన్ని ముంగిలి అనడానికి భాష కూడా ఒప్పుకోదు.

ఇప్పుడు నోటీసు. ప్రక్షేపం అనే మాట ఇక్కడ పొసగదు. సంస్కృతంలో దానికి లోపల వేయడం, మధ్యలో చేర్చడం అనే అర్థాలున్నాయి. ఒక కవి కావ్యంలో తర్వాతివాళ్లు ఇరికించిన పద్యాలను ప్రక్షిప్తాలు అంటాం. వేమన పేరు మీద చెలామణీ అవుతున్న పద్యాల్లో అలాంటివి ఎన్నో ఉన్నాయి. పటాలు గీసే శాస్త్రంలో ప్రొజెక్షన్‌కు ప్రక్షేపం అని పాఠ్యపుస్తకాలవాళ్లు పెట్టుకున్నారు. అక్కడ దానికి చోటుంది. ఆ పారిభాషిక పదాన్ని తెచ్చి గోడకున్న స్లాబుకు తగిలిస్తే మీకు అర్థం కాలేదంటే తప్పు మీది కాదు. గోడ దాటి బయటికి వచ్చిన కట్టడం అంటే సరిపోయేది. తాపీమేస్త్రి కూడా ‘స్లాబు రెండడుగులు బయటికి తీశాం’ అనే అంటాడు.

వ్రేలాడు నిర్మాణం ఇంకా తప్పు. వేలాడేదానికి పైన పట్టు ఉండాలి, కింది కొస వదులుగా ఉండాలి. గొలుసులతో కట్టిన బోర్డు వేలాడుతుంది. కొక్కేనికి తగిలించిన చొక్కా వేలాడుతుంది. గోడలోంచి ఇనప ఊచలతో కలిపి పోసిన సన్‌షేడ్ ఎక్కడ వేలాడుతుంది? అది పొడుచుకొచ్చింది, లేదా ముందుకు చాచుకుంది. ఇంగ్లీషులోని ‘హ్యాంగ్’ లాంటి ఒక క్రియకు మన దగ్గర సందర్భాన్ని బట్టి మూడు నాలుగు క్రియలుంటాయి. అనువాదం చేసేవాళ్లు ఒకసారి తలెత్తి వీధిలోకి చూస్తే ఏది ఎక్కడ వాడాలో తెలిసిపోతుంది.

మన మాట లేదా అన్నారు. ఉంది, చూరు. కప్పు గోడ దాటి కిందికి వాలిన అంచు అది. కన్నడంలో సూరు. మన వైపు పల్లెల్లోనూ ‘సూరు’ అనే పలుకుతారు, దాన్ని మోటు అని చిన్నచూపు చూడకండి. పెంకుటింటి చూరు నుంచి కారే వాననీళ్లు ఎవరి స్థలంలో పడాలన్న మీద ఊళ్లలో ఎన్ని తగాదాలు నడిచాయో పెద్దవాళ్లను అడగండి. పంచ కూడా ఇలాంటిదే. ‘వాడి పంచన చేరాడు’ అన్నప్పుడు ఆ నీడే మనకు మిగిలింది. వసారా అంటే కింద మనిషి కూర్చునే జాగా కూడా ఉండాలి. మరి కాంక్రీటు సన్‌షేడ్‌ను చూరు అనవచ్చునా? పని ఒకటే, ఎండా వానా ఆపడం. వాలు లేదు కాబట్టి పాతకాలంవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. నేనైతే ఒప్పుకుంటాను, కానీ మీరు సన్‌షేడ్ అన్నా తప్పనను. అది తెలుగైపోయింది. ఎక్కువ కొట్ల మీద ఇప్పుడు కనిపించేది మాత్రం చూరూ కాదు, సన్‌షేడూ కాదు. ఇనప ఫ్రేము మీద బిగించిన గ్లోసైన్ బోర్డు, దాని కింద రోడ్డు మీదికి దించిన రేకులు. వాటికి చూరు అనే గౌరవం ఇవ్వలేను.

చట్టం నా విషయం కాదు గానీ మీరు అడిగారు కాబట్టి ఒక్క ముక్క. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాల ప్రకారం స్థలంలో తప్పనిసరిగా వదలాల్సిన ఖాళీలోకి 60 సెంటీమీటర్లు, అంటే సుమారు రెండడుగులు మించకుండా సన్‌షేడ్ రావచ్చు. అది మీ హద్దు లోపలి మాట. రోడ్డు మీదికి వచ్చినదానికి ఆ వెసులుబాటు వర్తించదు. మీ సన్‌షేడ్ ఏ కోవలోకి వస్తుందో టేపు పెట్టి కొలిపించుకోండి.

పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను అనే పొడవాటి చెట్టు మాను దసరా వెళ్లాక మంగళవారం నాడు మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ మాను కొసన, అంత ఎత్తున, పూజారి కూర్చుని ఉంటాడు. వీధి అంటే కింద నేల ఒక్కటే కాదని, దాని మీది ఆకాశం కూడా అని మీ ఊరివాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అందుకని నోటీసు ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. దాని భాషతోనే నా పేచీ.

స్వచ్ఛందముగా తొలగించుకొనవలెను అన్నదీ అలాంటిదే. స్వచ్ఛందం అంటే తన ఇష్టం కొద్దీ. వలెను అంటే ఆజ్ఞ. రెండింటినీ ఒకే వాక్యంలో పెడితే చదివినవాడికి అది విన్నపమో హుకుమో తెలియక టెన్షన్ పట్టుకుంటుంది. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు కలిసి చదువుకున్న ఊరు మీది. జనం మాట్లాడే భాషలో రాయాలని వాళ్లిద్దరూ అంత పోరాడాక, అదే ఊళ్లో కొట్టువాడికి ఇచ్చే కాగితం ఇలా ఉండకూడదు. ‘మీ కొట్టు గోడ దాటి రోడ్డు మీదికి వచ్చిన సన్‌షేడ్లు, రేకులు, బోర్డులు అనుమతి లేనివైతే మీరే తీసేయండి. లేకపోతే మేము తీయిస్తాం’ అని రాసి ఉంటే ఎవరికీ నిఘంటువు అవసరం పడేది కాదు.

ఇక సూచీ ఫలకం. సూచి అంటే సూది, మన సూది దాని వికృతే. షేర్ మార్కెట్ వార్తల్లో సూచీ వేరే అర్థంలో పాతుకుపోయింది, దాన్ని ఇప్పుడు పెరకలేం. కొట్టు బోర్డుకు మాత్రం వద్దు. నామఫలకం వ్యాకరణం ప్రకారం సరే. ఫలకానికి వికృతి పలక కాబట్టి పేరుపలక అన్నా బాగుంటుంది. బోర్డు అన్నా నాకు అభ్యంతరం లేదు. కొత్తగా రాయించేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. దుకాణాల చట్టం కింద 1990లో వచ్చిన నియమాల ప్రకారం కొట్టు పేరు తెలుగులో ఉండాలి, వేరే భాష ఉంటే అది తెలుగు కింద రావాలి. ‘న్యూ ఫ్యామిలీ షాపింగ్ మాల్’ అని తెలుగు అక్షరాల్లో రాస్తే నియమం తీరుతుందని చాలామంది అనుకుంటున్నారు. లిపి వరకు తీరుతుందేమో. బట్టల కొట్టు అని మీరు ఉత్తరంలో రాసుకున్నారు కదా, బోర్డు మీద కూడా అదే రాయించండి.