బావ డల్లాస్ నుంచి నెయిల్ గన్ తెస్తానంటున్నాడు, తెప్పించుకోవాలా? కెనడాలో కార్పెంటర్ అవుదామనుకుంటున్న తమ్ముడికి

జగిత్యాల దగ్గర నుంచి ఒక తమ్ముడు రాశాడు. వయసు 23, ఐటీఐ కార్పెంటర్ ట్రేడ్ అయిపోయింది, మూడేళ్లుగా హైదరాబాద్‌లో మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు చేస్తున్నాడు. కెనడాలో చెక్క ఇళ్లు కట్టే వీడియోలు చూసి ఆ పనికే వెళ్లాలని మనసు పడ్డాడు. డల్లాస్‌లో ఉన్న బావ దసరాకి వస్తూ కార్డ్‌లెస్ ఫ్రేమింగ్ నెయిలర్ (చెక్క ఇళ్ల ఫ్రేములకి పెద్ద మేకులు కొట్టే నెయిల్ గన్) తెస్తా, ప్రాక్టీస్ చెయ్యి అంటున్నాడట. ఇంకోపక్క ఒక ఏజెంటు 14 లక్షలు కడితే వర్క్ పర్మిట్ గ్యారంటీ అంటున్నాడట. నాన్నేమో దుబాయ్ అయినా పో, లేదా ఊళ్లో దర్వాజలు చేసుకో అంటున్నాడట. ఏం చెయ్యమంటారు సార్ అని ప్రశ్న.

తమ్ముడూ, నీ మెసేజ్ రెండుసార్లు చదివా. ముందు నెయిలర్ సంగతి తేల్చేద్దాం, అది తెప్పించుకోకు. మెషిన్ మంచిది కాదని కాదు, చాలా మంచి మెషిన్. కానీ అది 120 వోల్టుల దేశం సరుకు, అక్కడి ఛార్జర్ మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోయే ప్రమాదం. బావ 350, 400 డాలర్ల దాకా పెట్టి తెచ్చినా దానికి మేకులు ఎక్కడ దొరుకుతాయి? ఆ మేకులు విడిగా ఉండవు, ప్లాస్టిక్‌తోనో పేపర్ టేపుతోనో వరసగా అతికించి పట్టీల్లాగా వస్తాయి, ఒక మోడల్‌కి 21 డిగ్రీల వంపు పట్టీ కావాలి, ఇంకోదానికి 30 డిగ్రీలు దాటినది కావాలి, ఒకదానిది ఇంకోదాంట్లో పట్టదు. మన హార్డ్‌వేర్ షాపుల్లో ఇవి మామూలుగా దొరికేవి కావు. తెచ్చిన పెట్టె అయిపోయాక ఆ నాలుగైదు కిలోల మెషిన్ అటక మీదే. గ్యాస్‌తో పనిచేసే రకమైతే దాని గ్యాస్ డబ్బాని విమానంలోకి అసలు రానివ్వరు.

నువ్వు ఇప్పుడు వాడే ఎయిర్ గన్‌కీ దీనికీ తేడా కూడా తెలియాలి. నీది కంప్రెసర్, పైపు, సన్న పిన్నులు, ప్లైకీ బీడింగ్‌కీ సరిపోతుంది. ఫ్రేమింగ్ నెయిలర్ కొట్టేది మూడు అంగుళాల పైచిలుకు మేకు, అదీ ఒక్క దెబ్బకి తలదాకా. పైపు లేకుండా అంత బలం ఎక్కడిదంటే ఒక్కో కంపెనీది ఒక్కో దారి. పాస్‌లోడ్ వాళ్లు 1986లో తెచ్చిన దాంట్లో చిన్న గ్యాస్ డబ్బా, నిప్పురవ్వ, లోపల బుల్లి పేలుడు, అంతే. డీవాల్ట్‌లో మోటర్ ఒక చక్రాన్ని గిరగిరా తిప్పి ఆ ఊపు మొత్తం మేకు మీదకి తోస్తుంది. మిల్వాకీలో నైట్రోజన్ నింపి సీల్ చేసిన సిలిండర్ ఉంటుంది, మోటర్ పిస్టన్‌ని వెనక్కి నొక్కి పెడుతుంది, ట్రిగ్గర్ నొక్కగానే వదిలేస్తుంది. కెనడా లాంటి చలిలో గ్యాస్ రకం మొరాయించొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. ఆ మధ్య కెనడాలోని బ్రాంప్టన్‌లో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు పక్క ప్లాట్‌లో ఇల్లు లేస్తోంది, నాకేమో ఇలాంటివి చూస్తే కాలు కదలదు, పొద్దున కాఫీ కప్పు పట్టుకుని గోడ పక్కన నిలబడేవాణ్ణి. నెయిలర్ చప్పుడు వినపడింది చాలా తక్కువ సేపు. మిగతా టైం అంతా కొలతలే. ఒకాయన గోడకి కింద పెట్టే చెక్క పట్టీని, పైన పెట్టే చెక్క పట్టీని నేల మీద పక్కపక్కన పరిచి, టేపు చివర కొక్కెం తగిలించి, మొదటి గీత 15¼ అంగుళాల దగ్గర గీసి పక్కన ఇంటూ మార్కు పెట్టాడు. 16 అంగుళాలకి ఒక స్టడ్ అంటారు కదా, మరి 15¼ ఎందుకు అనుకున్నా. స్టడ్ అంటే గోడలో నిలువుగా నిలబెట్టే చెక్క, దాన్ని టూ బై ఫోర్ అంటారు గానీ అసలు మందం ఒకటిన్నర అంగుళమే. అంచు 15¼ దగ్గర ఉంటేనే దాని నడిమధ్య సరిగ్గా 16కి వస్తుంది, అలా మూడు స్టడ్‌లు పోతే 48, అంటే గోడకి బిగించే నాలుగడుగుల షీటు అంచు సరిగ్గా మూడో స్టడ్ మధ్యలో వాలుతుంది. ఆ ముప్పావు అంగుళం తేడా మర్చిపోయి 16 దగ్గరే గీశావనుకో, షీటు అంచు స్టడ్ పక్కకి తగిలి ఆగిపోతుంది, మేకు కొట్టడానికి కింద చెక్కే ఉండదు, గోడ గోడంతా మళ్లీ విప్పాలి. నెయిలర్ ఎంత ఫాస్ట్‌గా కొడితే ఆ తప్పు అంత ఫాస్ట్‌గా ఇల్లంతా పాకుతుంది.

మేకుల లెక్క కూడా అంతే. అమెరికా ఇళ్ల కోడ్‌లో ఆ చెక్క పట్టీ మీంచి స్టడ్ చివరలోకి కొట్టేటప్పుడు సుత్తితో కొట్టే మూడున్నర అంగుళాల లావు మేకులైతే రెండు చాలు, గన్‌లో వచ్చే మూడు అంగుళాల సన్న మేకులైతే మూడు కొట్టాలి. మేకు తల చెక్కలోకి మరీ దిగిపోయినా పట్టు తగ్గుతుంది, అందుకే గన్‌కి లోతు సెట్ చేసుకునే చక్రం ఉంటుంది. వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చూపించరు, టకటకా కొట్టడమే చూపిస్తారు.

ఆ టకటక గురించి ఒక అన్నలాగా చెప్తున్నా, దయచేసి విను. ట్రిగ్గర్లు రెండు రకాలు. ఒకదాంట్లో ముందు ముక్కు చెక్కకి ఆనించి తర్వాత ట్రిగ్గర్ నొక్కాలి, ప్రతి మేకుకీ అంతే. రెండోదాంట్లో ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని ముక్కు ఎక్కడ తగిలితే అక్కడ మేకు దిగుతుంది, చెక్కే అవ్వాలని లేదు, మోకాలికి తగిలినా సరే. అమెరికాలో పనివాళ్ల భద్రత చూసే ఆషా, నియోష్ సంస్థలు 2011లో కాంట్రాక్టర్ల కోసం వేసిన గైడ్‌లో మొదటి రకమే వాడమని స్పష్టంగా చెప్పాయి, పట్టుకునే చెయ్యి మేకు దిగే చోటికి కనీసం 12 అంగుళాల దూరంలో ఉంచమన్నాయి. ఎందుకంటే చెక్కలో ముడి తగిలితే మేకు వంకర తిరిగి పక్క నుంచి బయటికొస్తుంది. రేపు సైట్‌లో ఎవడైనా ఇది స్లో రా, రెండోది పెట్టుకో అన్నా నువ్వు మాత్రం మొదటిదాని మీదే ఉండు. నీ పదివేళ్లతోనే కదా ఇల్లు నడవాలి.

ఇక కెరీర్ దగ్గరికి వద్దాం, ఇది ఎవరూ నీకు చెప్పి ఉండరు. కెనడా వాళ్ల ఉద్యోగాల లెక్కలో కార్పెంటర్ కోడ్ 72310, కేబినెట్ మేకర్ కోడ్ 72311, రెండూ వేరు వేరు పనులు. నువ్వు మూడేళ్లు చేసింది కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు, అంటే 72311. ఇంటి ఫ్రేమింగ్ నువ్వు ఒక్క రోజు కూడా చెయ్యలేదు, మన దగ్గర ఇళ్లన్నీ సిమెంటు పిల్లర్లు స్లాబులే కాబట్టి చేసే ఛాన్సే లేదు. ఏజెంటు నిన్ను 72310 కింద పెట్టి అబద్ధపు అనుభవం లెటర్ తయారు చేయిస్తే అది దొరికిన రోజు అప్లికేషన్ పోవడమే కాదు, కెనడాకి ఐదేళ్లు రాకుండా ఆపేస్తారు. ఆస్ట్రేలియాలోనూ ఇంతే, కార్పెంటర్ 331212, కేబినెట్ మేకర్ 394111, పని వేరు, స్కిల్స్ అసెస్‌మెంట్ వేరు. నా అభిప్రాయం అడిగితే, నీ చేతిలో ఉన్న మూడేళ్లని పారేసుకోకు, కేబినెట్ మేకర్‌గానే ప్రయత్నించు. అక్కడికెళ్లాక ఫ్రేమింగ్ మీద ఇంకా మనసుంటే అప్రెంటిస్‌గా చేరొచ్చు, కార్పెంటర్ అప్రెంటిస్‌షిప్ మామూలుగా నాలుగేళ్లు, చివర్లో రెడ్ సీల్ అనే ట్రేడ్ పరీక్ష, 70 శాతం వస్తే పాస్.

కెనడాలో పర్మనెంట్ రెసిడెన్సీకి ఉన్న ఫెడరల్ స్కిల్డ్ ట్రేడ్స్ అనే దారిలో గత ఐదేళ్లలో రెండేళ్ల ఫుల్‌టైం అనుభవం అడుగుతారు, నీకు ఉంది. ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో వినడం, మాట్లాడటం 5, చదవడం 3.5, రాయడం 4 అయితే కనీసం దాటినట్టు. ఇది నువ్వు ఆరు నెలల్లో చేయగలవు, భయపడకు. కష్టమైనది మూడోది, ఏడాదికి తగ్గని జాబ్ ఆఫర్ గానీ అక్కడి రాష్ట్రం ఇచ్చే ట్రేడ్ సర్టిఫికెట్ గానీ ఉండాలి. అందుకే ఏజెంట్లు దీని మీదే బతుకుతారు.

ఆ 14 లక్షలు మాత్రం కట్టొద్దు. కెనడాలో ఉద్యోగానికి పిలిచే యజమాని ఎల్ఎంఐఏ (విదేశీ వర్కర్‌ని పెట్టుకోవడానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఫీజు 1000 డాలర్లు తనే కట్టాలి, వర్కర్ దగ్గర వసూలు చేయకూడదని రూలు. మన దేశంలో లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు వర్కర్ దగ్గర తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, జీఎస్టీ అదనం, అంతకుమించి కాదు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని లైసెన్స్ ఉందో లేదో చూడు. విదేశీ ఉద్యోగాలకి పంపే మన తెలంగాణ ప్రభుత్వ సంస్థే టామ్‌కామ్ ఉంది, ఒకసారి వెళ్లి పేరు రాయించుకో. నా దగ్గరకి ఇంతకుముందు వచ్చిన ఒక కుర్రాడు పొలం తాకట్టు పెట్టి కట్టాడు, చేతికొచ్చింది విజిటర్ వీసా, ఇప్పుడు వడ్డీ కట్టలేక వాళ్ల అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా నాకు ఏం చెప్పాలో తెలీదు.

ఈ వారమే మొదలుపెట్టాల్సింది ఒకటుంది. మీ మేస్త్రీ లేదా కంపెనీ ఓనర్ దగ్గర అనుభవం లెటర్ తీసుకో, మంచి కుర్రాడు అని రాస్తే పనికిరాదు, ఏ తేదీ నుంచి ఏ తేదీ, వారానికి ఎన్ని గంటలు, డ్రాయింగ్ చూసి కొలతలు తీయడం, ప్లై కటింగ్, ఎడ్జ్ బ్యాండింగ్, హింజ్‌లు బిగించడం, సైట్‌లో ఫిట్టింగ్, ఇలా చేసిన ప్రతి పనీ ఉండాలి. జీతం బ్యాంకులో వేయించుకో, చేతికి నగదు ఇస్తే రుజువు ఉండదు. చేసిన ప్రతి కిచెన్‌కీ ముందు ఫోటో, మధ్యలో ఫోటో, చివర ఫోటో. ఇంకా మీ నాన్న వడ్రంగమే చేస్తున్నాడు కాబట్టి పీఎం విశ్వకర్మ కింద ట్రైనింగ్, 15,000 రూపాయల టూల్‌కిట్ వోచర్ వస్తుందేమో ఆయన్ని అప్లై చెయ్యమను, ఒక ఇంట్లో ఒక్కరికే ఇస్తారు, ఆయనకే రానీ. నాన్నతో దుబాయ్ గురించి గొడవ పడకు, ఆయన భయం అప్పు గురించి, ఆ 14 లక్షలు కట్టట్లేదని చెప్పు, సగం తగ్గుతుంది.

బావకి మాత్రం ఈ ఆదివారమే ఫోన్ చెయ్యి. నెయిలర్ వద్దు బావా, ఒక స్పీడ్ స్క్వేర్, 16 అంగుళాలకి ఎర్ర గుర్తులుండే టేపు తీసుకురా అను. స్పీడ్ స్క్వేర్ అంటే 1925లో అక్కడి ఒక కార్పెంటర్ తన పనికోసం చేసుకున్న ముక్కోణం పనిముట్టు, మన మూలమట్టంలాగే ఉంటుంది, ఇంటి కప్పు వాలు కోణాలు దాంతోనే గీస్తారు, సూట్‌కేస్‌లో ఒక మూలన పడిపోతుంది. వచ్చాక పాత చెక్కపేళ్లు రెండు పక్కపక్కన పరిచి 15¼ దగ్గర మొదటి గీత గీసి, ఫోటో నాకు పంపు.